సీలు విప్పని బ్రేకు డబ్బా

ఆ షెడ్డులో కొత్తదంటూ ఏదైనా ఉందంటే గోడమీది క్యాలెండరే. అదీ మూడేళ్ళ కిందటిది. మిగతాదంతా పాత మోపెడ్ల సంసారం. బిస్కెట్ డబ్బాల్లో కార్బురేటర్లు, మేకులకు వేలాడే చెయిన్లు, మూలన ఎవరి బండివో తెలియని మడ్‌గార్డులు. వీధిలో వాళ్ళు ఆ మెకానిక్‌ని మ్యూజియం అని పిలిచేవారు. అతనూ ఆ పేరుకే పలికేవాడు. "మ్యూజియానికి వారానికో సెలవుంటుంది, నాకదీ లేదు," అనేవాడు.

బండి తెచ్చినవాడి పేరు అడగడు, బండి ఏ ఏడు పుట్టిందో అడుగుతాడు. పెడలు తొక్కి స్టార్టు చేసే తొలి రకానికీ, తర్వాత కిక్కరుతో వచ్చిన రకానికీ తేడాలేమిటో చెప్పమంటే ముందున్న అన్నం చల్లారిపోయేదాకా చెబుతాడు. పాత బండికి పాత సామానే వెయ్యాలన్నది అతని మొండిపట్టు. బజార్లో దొరికే నకలు ముక్క తగిలించడమంటే తాతకి పెట్టుడు మీసం అతికించడమేనట.

ఆ పట్టే తమ్ముణ్ణి పొట్టన పెట్టుకుంది.

ఏడాది కిందట తమ్ముడి మోపెడ్‌కి బ్రేకు షూలు అరిగిపోయాయి. ముప్ఫయ్యేళ్ళుగా సీలు విప్పకుండా దాచుకున్న కంపెనీ డబ్బా ఒకటుంది అతని దగ్గర. దాన్ని విప్పి, కూతురి మెళ్ళో నగ పెట్టినంత మురిపెంగా ఆ షూలు వేశాడు. షూల మీద రాపిడికి పట్టే లైనింగుని అతికించిన జిగురు డబ్బాలోనే ఎండి చచ్చిందని చూసుకోలేదు. మర్నాడు రోడ్డు మీది పెద్ద దిగుడులో తమ్ముడు బ్రేకు నొక్కాడు. అది పట్టలేదు.

అంతా అయ్యాక చక్రం విప్పితే లైనింగు ఎండిన పెచ్చులా ఊడి డ్రమ్ములో పడుంది. ఎవరికీ చూపించలేదు. లారీ అడ్డొచ్చిందట అని ఎవరో అన్నారు, అతను కాదనలేదు. తమ్ముడి భార్య ముందు అసలు నోరే విప్పలేదు. బండిని షెడ్డు మూలకి తోసి టార్పాలిన్ కప్పేశాడు.

ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం మరదలు షెడ్డుకి వచ్చింది.

"బావగారూ, ఆయన బండి ఒక్కసారి స్టార్టు చేస్తారా?"

"ఇప్పుడెందుకమ్మా?"

"ఆ చప్పుడు వీధి మలుపు తిరగ్గానే పొయ్యిమీద నీళ్ళు పెట్టేదాన్ని. మొహం గుర్తుంది గానీ, చప్పుడు మర్చిపోతున్నాను."

అతను లేచి టార్పాలిన్ లాగాడు. ఆమె గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుంది. బయట వాన బలిసింది. కరెంటు పోయింది. మాడిన ఆయిలు వాసనా తడిమట్టి వాసనా కలిసి ముక్కుకి పట్టాయి. మధ్యాహ్నమే అయినా లోపల మసక.

ప్లగ్గు విప్పి జేబులో వేసుకున్నాడు. రెండు చుక్కలు నూనె పోసి పెడలు మెల్లగా తిప్పాడు. అలవాటు చొప్పున పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. లోపల ఏ బేరింగు మూలిగినా ఇట్టే తెలిసిపోతుంది. చెవి డాక్టరుది, చెయ్యి మాత్రం యముడిది, అనుకున్నాడు తనలో.

పెడలు వదిలేశాడు.

చప్పుడు ఆగలేదు.

చెవి తీస్తే వాన హోరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ ఆనించాడు... ఇంజను నడుస్తోంది. ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. ప్లగ్గు జేబులో ఉంది. ఎక్కడో దూరంగా, గాలి కోసుకుంటూ... దిగుడులోకి...

"అన్నయ్యా... బ్రేకు పట్టడం లేదు."

అది తమ్ముడి గొంతు. స్క్రూడ్రైవరు పిడిని ఇంకా గట్టిగా చెవికి అదుముకున్నాడు.

"అన్నయ్యా..."

ఏడాదిగా వీడింకా దిగుతూనే ఉన్నాడు. ఇంకా కిందికి చేరనే లేదు.

చల్లటి ఇంజనుకి నోరు ఆనించి గుసగుసగా అన్నాడు. "లివరు నొక్కరా. ఇంజను ఆపే లివరు. కాళ్ళు కింద ఆనించు."

"పట్టడం లేదన్నయ్యా..."

"నీ తప్పు కాదురా. ఆ షూలు నేను వేసినవే. జిగురు చచ్చిందని చూసుకోలేదు. నేనే... లివరు నొక్కు, నా తండ్రీ..."

వెనక స్టూలు కిర్రుమంది. మరదలు లేచి వచ్చింది. అతని చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని చెవికి పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. వానలో తడిసిన మొహమ్మీద, ఏడాదిలో ఎన్నడూ లేనంత నెమ్మది.

"ఇదే చప్పుడు," అంది.

చాలాసేపు విన్నది. చెంపలమీంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"ఆగింది."

"ఆగిందా?"

"ఆగింది. బండి దిగారు." కళ్ళు తెరిచి అతనికేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి. "బ్రేకు సంగతి నాకెందుకు చెప్పలేదు బావగారూ?"

"నోరు రాలేదమ్మా. ఎన్నిసార్లు మీ గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయానో."

"ఆయనకి మాత్రం చెప్పారుగా."

"ఇప్పుడేగా, నువ్వు విన్నావుగా..."

"ఇప్పుడు కాదు." ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "దిగుడు పొడుగునా చెబుతూనే ఉన్నారు. క్యారియరు మీద, ఆయన వెనక కూర్చుని. ఆయనతోపాటే దిగారు కూడా. మీ గొంతు నాకు తెలియదా?"

తమ్ముడు పోయిన రోజు అతను షెడ్డు గుమ్మం దాటలేదు. పొద్దున్నించీ ఇక్కడే ఉన్నాడు. కబురు తెచ్చినవాడు సైతం ఇక్కడికే వచ్చాడు. ఆ మాటే చెబుదామని చేతులు అడ్డంగా ఊపబోయాడు.

చేతుల్లో మంట పుట్టింది.

వెలుతురు కోసం గుమ్మం వైపు తిరిగి చూసుకున్నాడు. రెండు అరచేతులూ దోక్కుపోయి ఉన్నాయి. నెత్తురు ఇంకా పచ్చిగా ఉంది. దాని మధ్య, చర్మంలోకి దిగబడి, రోడ్డు కంకర నలుసులు.