దొంగ అనుకున్నాడట

పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. విజేందర్ అరుగు మీద కూర్చుని ఫోన్‌లో చర్చ చూస్తున్నాడు. తెర మీద నలుగురు ఒకేసారి అరుస్తున్నారు. చీకట్లో మనిషి మీదికొస్తే రైతు ఏం చేయాలని ఒకాయన, ఇన్నేళ్లు కాపురం చేసిన భార్యను పోల్చుకోలేడా అని ఒకామె.

"సౌండు జర తగ్గియ్యి," అంది వంటింట్లోంచి భార్య గ్రేస్. డ్యూటీకి తయారై టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది.

"నీకు నచ్చని మాట చెప్తున్నరనా?"

"పొద్దుగాల్నే సావు ముచ్చట ఎందుకని."

"ముచ్చట కాదు, న్యాయం. మోటార్లు పోయినోనికి తెలుస్తది ఆ బాధ."

వాకిట్లో చింతచిగురు ఏరుతున్న విజేందర్ తల్లి బిక్షమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి మళ్లీ చాటలోకి తల వంచింది.

హాలియాకు దగ్గరలోని ఒక పల్లెలో రాంచందర్ అనే రైతు తన భార్య యాదలక్ష్మిని పొలంలో బాయికాడ గడ్డపారతో కొట్టి చంపాడు. కొట్టలేదని అతను అనలేదు. మోటార్ దొంగ అనుకున్నానన్నాడు. మోటార్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయేవాళ్లు ఆ చుట్టుపక్కల తిరుగుతున్న మాట నిజమే. అందుకే కాపలాకు బాయికాడ పడుకున్నానని, తెల్లవారకముందే అలికిడైతే ఎవరని అరిచానని, పలకకపోతే ప్రాణభయంతో కొట్టానని అతని వాదన. అనుమానంతో కావాలనే చంపాడని పోలీసుల వాదన. కేసు నల్లగొండ కోర్టులో విచారణకు వచ్చేసరికి హోటళ్ల దగ్గర, బస్సుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో జనం రెండుగా చీలిపోయారు.

విజేందర్ రాంచందర్ పక్షం. అతనిది మోటార్ వైండింగ్ షాపు. రాంచందర్ కాలిపోయిన మోటార్లు అక్కడికే తెచ్చేవాడు. మంచి మనిషని విజేందర్ నమ్మకం. షాపుకొచ్చిన ప్రతివాడితోనూ రాంచందర్ తరఫున వాదించేవాడు.

గ్రేస్ మాత్రం ఆ కేసులో సాక్షి. ఆమె సర్కారు దవాఖానలో నర్సు. చావుకు కొన్ని నెలల ముందు యాదలక్ష్మి విరిగిన చేత్తో ఆ దవాఖానకే వచ్చింది. కట్టు కట్టింది గ్రేస్. ఎక్స్‌రే తీసింది అక్కడి టెక్నీషియన్ జానీ. ఇద్దరికీ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి.

విజేందర్ గొంతులో ముల్లు అక్కడుంది.

జానీ ఆమెను "గ్రేసక్కా" అని పిలుస్తాడు. ఆ అక్కా అనడంలో కూడా విజేందర్‌కు ఏదో మెత్తదనం వినబడేది. ఒక వానరోజు జానీ ఆమెను స్కూటర్ మీద సందు మొదట్లో దింపి వెళ్లాడు. అప్పట్నుంచి విజేందర్‌కు నెమ్మది లేదు. ఆమె డబ్బాలో రొట్టెలు ఎక్కువ కనబడితే ఎవరికోసమని అడిగేవాడు. కొత్త చీర కడితే ఈరోజు ఏమున్నదని అడిగేవాడు. ఆమె స్నానానికి వెళ్తే ఫోన్ చూసేవాడు. అందులో ఏమీ దొరకకపోతే, చెరిపేసి ఉంటుందనుకునేవాడు.

డ్యూటీ దిగే వేళకు షాపు వదిలి వచ్చి దవాఖాన ఎదురుగా మందుల దుకాణంలో నిలబడడం అలవాటైంది. ఒకసారి గేటు దగ్గర జానీ ఏదో చెబితే ఆమె తల వెనక్కి వాల్చి నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. ఎందుకు ఆగిపోయిందని ఆలోచించకుండా, అది ఎవరికి దక్కుతోందోనని రగిలిపోయాడు.

ఆ రగులుతున్న మనసుతో ఉన్నప్పుడే రాంచందర్ తమ్ముడు పరమేష్ షాపుకొచ్చాడు.

"మీ ఇంటామె మా అన్న మీద సాక్ష్యం చెప్తదట గద, విజేందరన్నా?"

"నా మాట వింటె గదా పరమేష్! ఆ జానీగాడు ఏది చెప్తే అదే ఆమెకు వేదం. ఇద్దరు కలిసి కారు మాట్లాడుకుని పోతరట నల్లగొండకు."

"అట్లనా?" పరమేష్ స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. చాయ్ తెప్పించాడు. "వాడేందన్నా మధ్యల?"

అడిగేవాడు దొరికేసరికి విజేందర్ ఆగలేదు. స్కూటరు సంగతి, నవ్వు సంగతి, తాను నిద్రపోని సంగతి అన్నీ చెప్పుకున్నాడు. పరమేష్ అయ్యో అంటూ విన్నాడు. వాడు వెళ్లాక విజేందర్‌కు గుండెలో బరువు తగ్గినట్టే అనిపించింది.

కోర్టుకు వెళ్లాల్సింది సోమవారం. ముందురోజు ముగ్గురూ చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక విజేందర్ మాట తీశాడు.

"రేపు పోవద్దు."

"సమన్లొచ్చినయి. పోకుంటే ఊకుంటరా?"

"పోతే పో. గుర్తులేదని చెప్పి రా."

"గుర్తున్నది గద," అంది గ్రేస్ గిన్నెలు సర్దుతూ. "చెయ్యి పట్టుకుని ఏడ్చింది ఆమె. ఎట్ల మర్చిపోత?"

"ఊరంత ఒక తీరు, నీది ఒక తీరు. ఆ జానీ ఎక్కిస్తున్నడు నీకు!"

గ్రేస్ గిన్నె కింద పెట్టింది. "నేను కోర్టుకు పోవుడు కాదు నీ బాధ. జానీ వస్తడని బాధ. సక్కగ ఆ మాటే అను."

"అంటే మానేస్తవా?"

"కారు వద్దని ఎప్పుడో చెప్పిన. నేను బస్సుకు పోత. ఆయన ఎట్ల పోతడో నాకు తెల్వదు. ఇంకేం చెయ్యాల్నో చెప్పు. నవ్వొద్దన్నవు, నవ్వుడు మానేసిన. ఇంకేం మానాలె?"

విజేందర్ చేతిలోని స్టీలు గ్లాసు గోడకు తగిలి మూలకు దొర్లింది. "నీకు మొగని కంటె బయటోడు ఎక్కువైండు! ఒక్క ముచ్చట చెప్త విను. చీకట్ల పలుకకుంట వస్తే ఎవడైన కొడ్తడు. రాంచందర్ జాగల నేనున్నా..."

అక్కడ నోరు ఆగింది.

"చెప్పు," అంది గ్రేస్. "నువ్వున్నా?"

"నేను గా మాట అనలే."

"సగం అన్నవు. ఒక్కటడుగుత. నేను పెరట్లకెల్లి ఇంట్లకొస్తే నా నడక నువ్వు పోలుస్తవా, పోల్చవా?"

"ఎందుకు పోల్చను? మా అమ్మ నడకేందో నీ నడకేందో నాకు తెల్వదా?"

"మరి రాంచందర్‌కు తెల్వదా?"

అప్పటిదాకా వింటున్న బిక్షమ్మ గోడ పట్టుకుని లేచింది.

"గీ కేసు మొదలైన కాన్నుంచి ఆ పిల్ల పెరట్లకెల్లి వచ్చేటప్పుడు 'నేనే, నేనే' అనుకుంట వస్తాంది. నువ్వెన్నడన్న విన్నవా కొడుకా? ముందు నాకు సమజ్ కాలే. ఇప్పుడు నేను గూడ గట్లనే అనుకుంట వస్తున్న. కన్నకొడుకు ఇంట్ల."

అతను ఇద్దరివైపూ చూశాడు. సిగ్గు కంటే ముందు కోపమే వచ్చింది. ఇద్దరూ ఒక్కటై తనను హంతకుణ్ణి చేస్తున్నారనుకుని చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

మర్నాడు గ్రేస్ ఎక్కిన బస్సు వెళ్లాక, వెనక బస్సులో అతనూ నల్లగొండకు బయల్దేరాడు. తల్లి మాట దారి పొడుగునా చెవిలో గీరుకుంటూనే ఉంది. అయినా గ్రేస్ పక్క సీట్లో జానీ ఉన్నాడా లేడా అన్న ప్రశ్న కూడా వదల్లేదు.

కోర్టు వరండాలో గ్రేస్ ఒక చివర నిలబడి ఉంది. జానీ మరో చివర బెంచీ మీద ఉన్నాడు. విజేందర్‌ను చూడగానే జానీ లేచి, "నమస్తే అన్నా," అని ఇంకా దూరంగా జరిగాడు. తనంటే భయం అతనిదాకా పాకిందని విజేందర్‌కు అర్థమైంది. ఎందుకో అది సంతోషంగా అనిపించలేదు.

గ్రేస్‌ను పిలిచారు. విజేందర్ లోపలికెళ్లి వెనక నిలబడ్డాడు. ఆమె బోనెక్కి, చూసింది చూసినట్టు చెప్పింది. యాదలక్ష్మి మొదట జారిపడ్డానందని, భర్త బయటికెళ్లాక ఏడ్చిందని.

"ఆమె ఏమన్నదో ఆమె మాటల్లోనే చెప్పండి," అన్నాడు ప్రభుత్వ వకీలు.

"'బాయికాడికి పోతే ఎవని కోసం వచ్చినవంటడు. పోకుంటే ఇంట్ల ఎవడున్నడంటడు. ఏదో ఒకనాడు సంపుతడక్కా' అన్నది సార్."

ఒక ముసలామె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె యాదలక్ష్మి తల్లి హనుమమ్మ.

రాంచందర్ తరఫు వకీలు లేచాడు. తొందరపడలేదు.

"ఈ ఎక్స్‌రే జానీకీ మీకూ ఉన్న స్నేహం గురించి మీ భర్తే నలుగురిలో చెప్పుకుని ఏడుస్తున్నాడు. స్కూటర్ మీద తిరగడాలు, గేటు దగ్గర నవ్వులు. మీరిద్దరూ కలిసే ఈ కథ అల్లారు. అవునా, కాదా?"

విజేందర్ వెంటనే గుర్తుపట్టాడు. స్కూటరు, నవ్వు. తాను పరమేష్‌తో అన్న మాటలే. ముందు వరుసలో పరమేష్ మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. ప్రభుత్వ వకీలు అభ్యంతరం చెప్పాడు. జవాబు చెప్పనక్కర్లేదన్నట్టు జడ్జి చెయ్యెత్తాడు.

"చెప్త సార్," అంది గ్రేస్. భర్త వెనక నిలబడ్డాడని ఆమెకు తెలుసు. అటు చూడలేదు. "జానీ నాకు తమ్మునిలాంటోడు. మా ఇంట్ల అనుమానం ఉన్నది, అది అబద్ధం కాదు. అందుకే యాదలక్ష్మి భయం నాకు జల్ది అర్థమైంది. ఆమె చెయ్యి విరిగింది మాత్రం నేను అల్లింది కాదు."

అప్పుడు పోలీసుల మధ్యనున్న రాంచందర్ తల తిప్పి విజేందర్‌ను చూశాడు. చూసి మెల్లగా తలూపాడు. మన బాధ నీకొక్కడికే తెలుసు అన్నట్టు, సొంత మనిషిని పలకరించినట్టు.

విజేందర్ చూపు దించుకున్నాడు. ఆ చూపుకు ఎదురు చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని తెలిసి, తలుపు పట్టుకుని బయటికొచ్చి పడ్డాడు. వరండాలో గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గడ్డపార ఒక్కటే తేడా అనుకున్నాడు. మిగతాదంతా తన ఇంట్లో ఉన్నది.

విచారణ మధ్యాహ్నానికి ఆగింది. కోర్టు బయట చాయ్ బండి దగ్గర పదిమంది మూగి మళ్లీ అదే వాదన పెట్టారు. పరమేష్ మధ్యలో ఉన్నాడు. "అడిగిండు సూడు మా వకీలు! ఆమె కథ ఆమె మొగడే చెప్పిండు," అంటున్నాడు.

విజేందర్ గుంపులోకి నడిచాడు.

"ఆ మొగణ్ణి నేనే. నేను పరమేష్‌కు చెప్పింది నా కుళ్లు. నా కండ్లతోని నేను తప్పేం చూడలే. నా భార్య మంచిది. ఆమె చెప్పింది నిజం."

"ఏందన్నా గిట్ల మాట మారుస్తవు?" పరమేష్ ముఖం నల్లబడింది.

"మొన్న అబద్ధం చెప్పిన. ఇయ్యాల మారుస్తున్న."

ఎవరో నవ్వారు. ఇంకెవరో భార్యకు భయపడ్డాడన్నారు. అతను తిరిగి చూసేసరికి మెట్ల మీద గ్రేస్ నిలబడి ఉంది. అంతా విన్నది. కాసేపు కిందికి దిగలేదు.

దగ్గరికెళ్లి, "వకీలు నోట్ల ఆ మాటలు పెట్టింది నేనే," అన్నాడు.

"తెలుసు. గా స్కూటరు సంగతి ఇంకెవరికి తెలుసు?" అంది. అప్పటిదాకా బోనులో నిలిచిన మనిషికి ఇప్పుడు పెదవులు అదిరాయి. "అంతమంది ముంగట అడిగిండు. గుడ్డలిప్పినట్టయింది నాకు."

"మాఫ్ చెయ్యమని అడిగే మొఖం లేదు నాకు."

"అడుగకు. నాకు భయం పోవాలె ముందు. అది ఒక్కనాడు పోదు. నువ్వు నా ఫోను ముట్టకు, గేటు కాడికి రాకు. మళ్ల గ్లాసు గోడకు తగిలిందంటే అత్తమ్మను తీసుకుని నేను కిరాయి ఇంట్లకు పోత. నిజంగ పోత."

"అమ్మను గూడనా?"

"ఆమెనే అడిగింది, నాతోని వస్తనని."

అతను తలవంచాడు. "సరే" అన్నది కన్నీళ్లలో సరిగా వినబడలేదు. గ్రేస్ చేతిరుమాలు తీసి అతని చేతిలో పెట్టింది.

సాయంత్రం హాలియా బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. ఆమె కిటికీ వైపు కూర్చుంది. నిడమనూరు దాటాక కళ్లు మూతలు పడ్డాయి. తల అతని భుజానికి ఆనించలేదు, కిటికీ కమ్మీకి ఆనించింది. బస్సు కుదిపినప్పుడల్లా కమ్మీ నుదుటికి తగులుతోంది. అతను తన కండువా మడిచి, ఆమె ఉలిక్కిపడకుండా ముందు "గ్రేస్, నేనే" అని మెల్లగా చెప్పి, కమ్మీకీ నుదుటికీ మధ్య పెట్టి పట్టుకున్నాడు.

ఆమె కళ్లు తెరిచి ఒకసారి చూసింది. మళ్లీ మూసుకుంది. హాలియా వచ్చేదాకా నిద్రపోయింది.