సగం జ్ఞాపకం

గద్వాలలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో నా మంచం. అక్కడ పడుకుంటే వీధి గడప కనిపిస్తుంది. పక్షవాతంతో కుడి కాలూ చెయ్యీ పడిపోయాక, 1989 వానాకాలమంతా, కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు తప్ప, నేను ఆ మంచం దిగలేదు. మాట కూడా పోయింది.

కర్నూలులో డాక్టరు మా కొడుకు కురుమూర్తికి వివరంగా చెప్పాడు. మెదడు రెండు సగాలు. మాటలు, పేర్లు ఎక్కువగా ఎడమ సగం చూసుకుంటుంది. ముఖాలు గుర్తుపట్టడం ఎక్కువగా కుడి సగం పని. రెండూ కలిస్తేనే ఒక మనిషి జ్ఞాపకం పూర్తవుతుంది. నాకు దెబ్బ తిన్నది ఎడమ సగం. ఫొటోలు పరిచి అడిగితే నా భార్య రాజేశ్వరి ఫొటో మీద సరిగ్గా వేలు పెట్టాను.

ఆమె ఆ రోజు మాతో లేదు. నాకు నయం కావాలని చెరువు గట్టు మీది జమ్ములమ్మ తల్లికి మొక్కడానికి వెళ్లింది.

ఇంటికి వస్తే తలుపు తీసింది వేరే ఆడమనిషి.

చీర రాజేశ్వరిదే. నడక రాజేశ్వరిదే. ముఖం కాదు. ఒంటి నుంచి చెరువు అడుగు బురద వాసన. మూలిగాను. ఎడమ చేత్తో తోశాను.

"అమ్మనే గద నాయినా" అన్నాడు కురుమూర్తి.

పక్కింటి భీమమ్మ నవ్వింది. "ముప్పై ఏండ్ల సంసారమాయె. మార్కండేయన్నకు మొహం మొత్తినట్టుంది."

ఎవరికీ తేడా తెలియలేదు. నా భార్య ఎక్కడుందో వెతకమని చెప్పాలి. నోట్లో మాట లేదు.

కొడుకు మగ్గం మీద కూర్చోగానే ఆమె నా గదికి గడియ పెట్టేది. ముద్ద నోటికందిస్తూ చెవిలో గుసగుసలాడేది.

"మాట రానియ్యి. మాటొస్తే అంత మంచిగైతది."

'ఈమె కాదు.' ఆ రెండు మాటల కోసం గోడ వైపు తిరిగి నాలుకను కదిలించేవాణ్ని. రోజూ... చెమటలు పట్టేదాకా...

ఒక మధ్యాహ్నం గొంతు పలికింది. కురుమూర్తి పరుగెత్తుకొచ్చాడు. ఆమె వైపు వేలు చూపి నోరు తెరిచాను.

"రాజేశ్వరి" అంది నా నోరు.

కొడుకు ఏడ్చాడు. ఆమె నవ్వింది. ఆ పేరు పలికాక చూస్తే నా భార్య ముఖమే అది. మొదటి నుంచీ అదే...

మరునాడు మంచి ఎండలో ఒకామె మా గడప ముందు నిలబడింది. చీర నిలువునా తడిసి ఉంది.

"ఏమయ్యా... నేనే" అంది మెల్లగా.

కురుమూర్తి ఆమెను పరాయిదాన్ని చూసినట్టు చూశాడు. "ఎవరు నాయినా?"

ఆ ముఖం నేనెన్నడూ చూడలేదు.

"తెల్వదు" అన్నాను.

వాడు తలుపు మూశాడు. ఆమె వెళ్లలేదు. తలుపు అవతలి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లి రాత్రి నేనన్న మాటలు. పురిట్లోనే పోయిన బిడ్డకు మేమిద్దరమే అనుకున్న పేరు. అన్నీ నిజాలే.

నా మంచం పక్కన రాజేశ్వరి పెదవులు కదులుతున్నాయి. అవే మాటలు.

తలుపు బయటి ఆమె కంటే ఒక్క మాట ముందుగా...