బొమ్మ మోయని వైరు

పది గంటలు దాటిన ఐదు నిమిషాలకు లాండ్రీ షాపులో ఇస్త్రీ చేస్తున్న మనిషిని ఎవరో కాల్చి చంపారు. సైలెన్సర్ పిస్టల్ కావడంతో పక్క కొట్టువాడికి కూడా వినపడలేదు. ఆ ఇస్త్రీ మనిషి సీక్రెట్ సర్వీసువాడు. పడిపోతూ చేతిలోని ట్యాబ్లెట్‌ని చొక్కాల గుట్టలోకి తోసేశాడు. దాని తెర పగిలి నల్లబడిపోయింది.

పదీ ముప్పై ఐదుకి ఆ ట్యాబ్లెట్ ఏజెంట్ తొమ్మిది చేతిలో ఉంది. కాన్ఫరెన్స్ భవనం మూడో అంతస్తులో, కుర్చీలు పేర్చిపెట్టిన స్టోర్‌రూమ్‌లో కూర్చుని ఉన్నాడు.

"జాగ్రత్తగా విను," ఫోన్లో చీఫ్. "పదకొండింటికి సైంటిస్టు కింద హాల్లోకొచ్చి కూర్చుంటాడు. నీలిముఠా ఎక్కడో బాంబు పెట్టింది. పెట్టినవాళ్ళ ఫోటో ఆ ట్యాబ్లెట్‌లో తెరిచే ఉంది. పోర్టబుల్ మానిటర్‌కి తగిలించి చూడు."

"హాలు ఖాళీ చేయిస్తే పోదా సార్?"

"కదలిక కనపడితే ముందే పేల్చేస్తారని వెన్నెల చెప్పింది. మనిషెవరో తేల్చు. అందాకా ఎవరూ కదలరు."

వెన్నెల గుమ్మం పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. ఒకప్పుడు నీలిముఠా అందాల రాణి. ఆరు నెలలుగా డబుల్ ఏజెంట్. మానిటర్ తెచ్చింది తనే.

"పొద్దున్న ఇదే వైరుతో నా ట్యాబ్లెట్ తగిలించి సినిమా చూశాను. బ్రహ్మాండంగా వచ్చింది," అంది లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ.

తొమ్మిది వైరు తగిలించాడు. మానిటర్ లైటు వెలిగింది. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి: నో సిగ్నల్. పీకి మళ్ళీ పెట్టాడు. నో సిగ్నల్. వైరు తిరగేసి పెట్టాడు. అదే మాట.

అతనికి ముచ్చెమటలు పట్టాయి. గూఢచారులు భయపడరని అనుకునేవాళ్ళు ఏ గూఢచారినీ దగ్గర్నుంచి చూసి ఉండరు. పైగా ఇవాళ్టి భయం వేరు. కింద సైంటిస్టు పక్క కుర్చీలో కూర్చునే అనువాదకురాలు తొమ్మిదికి తోడబుట్టిన అక్క. తమ్ముడు ఏదో ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేస్తాడని ఆవిడ నమ్మకం.

పదీ నలభై నాలుగు. తొమ్మిది రూల్సన్నీ గాలికొదిలేసి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక నంబర్ నొక్కాడు.

"ఎవరికి?" అంది వెన్నెల.

"మా బావకి. టీవీలు బాగుచేస్తాడు."

ఆమె నవ్వింది. అడ్డు చెప్పలేదు.

"బావా, మానిటర్‌కి ట్యాబ్లెట్ తగిలించాను. లైటొస్తోంది, బొమ్మ రావట్లేదు."

"కంప్యూటర్ల ఆఫీసులో ఉండి నన్నడుగుతావేంట్రా," అన్నాడు బావ తాపీగా. "మెనూలో సోర్సు మార్చావా?"

"మార్చాను."

"రెండో పోర్టు?"

"చూశాను."

"మానిటర్‌కి కరెంటు విడిగా ఇచ్చావా?"

"ఇచ్చాను బావా."

"అయితే ట్యాబ్లెట్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్."

"కుదరదు. ఆఫ్ చేస్తే లాక్ పడిపోతుంది. పాస్‌వర్డ్ తెలిసిన మనిషి... సెలవులో ఉన్నాడు."

"అన్నట్టు మీ అక్క ఫోన్ తీయట్లేదురా. ఎక్కడుందో నీకేమైనా తెలుసా?"

"పనిలో ఉంటుంది బావా," అన్నాడు ఎలాగో.

"సరే, వైరెలా ఉంది?"

"సన్నగా ఉంది. బూటు లేసంత."

"అది ఫోను ఛార్జరు వైరురా బాబూ. కరెంటు మోస్తుంది, బొమ్మ మోయదు. మానిటర్‌తో లావుపాటిది ఒకటిస్తారు, సంచీలో చూడు."

"మరి పొద్దున్న దీంతోనే..."

"పొద్దున్న కాదు, జన్మలో రాదు."

తొమ్మిది మానిటర్ సంచీ తెరిచాడు. వైరు పెట్టుకునే ఎలాస్టిక్ పట్టీ సాగిపోయి, ఖాళీగా ఉంది. లావు వైరు చాలాకాలం అందులో ఉండేదన్నమాట. వెన్నెల అబద్ధం చెప్పింది. ఆ ఫోటో బయటపడకూడదని కోరుకునేది ఫోటోలో ఉన్న మనిషే. ఆమె కుడిచెయ్యి హ్యాండ్‌బ్యాగులో ఉంది.

పదీ యాభై రెండు.

"ఉంటాను బావా," అని ఫోన్ పెట్టేశాడు. "మానిటర్ పాడైపోయింది వెన్నెలా. పద, కిందికెళ్ళి హాల్లోనే వెతుకుదాం."

వెన్నెల ముఖం క్షణంపాటు పాలిపోయింది. "నువ్వెళ్ళు. నేను బయట గేటు దగ్గర చూస్తాను."

బ్యాగు కుర్చీలో పెట్టి లేచి, నల్లకోటు అందుకుంది. ఒక చెయ్యి దూర్చింది. రెండో చెయ్యి వెనక్కి పోనిచ్చింది. ఆ క్షణంలో తొమ్మిది దూకి కోటును మోచేతుల దాకా కిందికి లాగేశాడు. ఆమె మడమతో తన్నిన తన్నుకి అతని మోకాలు కలుక్కుమంది. అయినా వదల్లేదు. సన్నవైరుతో ఆమె మణికట్లు రెండూ వెనక్కి కట్టేశాడు. ఆ వైరు అందుకైతే బాగానే పనికొచ్చింది.

బ్యాగులో పిస్టల్. దాని కింద లావు వైరు.

పదీ యాభై ఏడు. తొందరలో వైరు కొస రెండుసార్లు పక్కకి జారింది. మూడోసారి టక్కున కూర్చుంది. తెర మీద బొమ్మ వచ్చింది. హాల్లో, అనువాదకురాలి టేబుల్ ముందు వంగి, టేబుల్ లైటు అడుగున ఏదో అంటిస్తున్న వెన్నెల.

"సార్, అక్క... అనువాదకురాలి టేబుల్ లైటు," అని ఫోన్లోకి అరిచాడు. "బాంబు దాని అడుగునే ఉంది. పెట్టింది వెన్నెలే. ముందే పేలుస్తారన్నది కూడా ఆమె అల్లిన కథే."

ఆ మూడు నిమిషాలూ తొమ్మిది ఊపిరి తీసుకున్నాడో లేదో అతనికే గుర్తులేదు. భవనం వెనక మెట్ల కింద బాంబు స్క్వాడ్ మనిషి దాని వైరు కత్తిరించేసరికి టైమర్లో ఆరు సెకన్లు మిగిలాయి. ఆ మాట విని తొమ్మిది నేలమీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. వెన్నెల చూస్తోందని కూడా లేకుండా ఏడ్చేశాడు.

మధ్యాహ్నం బావే ఫోన్ చేశాడు.

"మీ అక్క దొరికిందిరా. సరిగ్గా మీటింగు మొదలయ్యే ముందు ఎవడో వచ్చి ఆవిడ టేబుల్ లైటు పీక్కుపోయాడట. కాగితాలు కనపడక నానా తిప్పలూ పడిందట. పద్ధతి తెలియని మనుషులని ఒకటే తిట్లు. ఇంతకీ నీకు బొమ్మ వచ్చిందా?"

"వచ్చింది బావా."

"వైరు సంగతి కూడా తెలియకుండా ఆ ఉద్యోగం ఎన్నాళ్ళు చేస్తావురా? వచ్చి మా కొట్లో కూర్చో. ప్రాణానికి సుఖంగా ఉంటుంది."

వాచిన మోకాలు తడుముకుంటూ ఏజెంట్ తొమ్మిది ఆ విషయం కాసేపు నిజంగానే ఆలోచించాడు.