గురువారం రాత్రుల కోల్డ్ రూమ్

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. వింటే రాత్రిళ్లు దీపం ఆర్పనివ్వరేమోనని ఇన్నాళ్లూ ఇంట్లో ఎత్తలేదు. కానీ మీరు పెద్దవాళ్లవుతున్నారు. రేపో మాపో ఏ కాలేజీ ల్యాబులోనో అడుగు పెడతారు. అందుకని ఇప్పుడు వినండి. భయం వేస్తే చెప్పండి, ఆపేద్దాం.

మన ఊరి నుంచి నది దాటి కేంబ్రిడ్జిలోకి వెళ్తే ఎర్ర ఇటుకల భవనం ఒకటి కనిపిస్తుంది. ఒకప్పుడు మిఠాయి ఫ్యాక్టరీ. తర్వాత క్యాన్సర్ మందులు వెతికే కంపెనీ వచ్చింది. దాని మూడో అంతస్తు చివర ఒక కోల్డ్ రూమ్ ఉంది. అంటే, మనిషి నడిచి వెళ్లగలిగేంత పెద్ద ఫ్రిజ్. గోడలూ తలుపూ అన్నీ ఒకటే రకం ఉక్కు రేకు. కిటికీ లేదు.

ఆ గదికి చెడ్డ పేరు.

పగలు ఎవరికీ ఏమీ కాదు. గురువారం చీకటి పడ్డాక వెళ్లినవాళ్లకే... ముందు తల బరువెక్కుతుందట. తర్వాత ఎవరో వెనక నిలబడినట్టుంటుందట. ఇంకాసేపు ఉంటే — గుండెల మీద కూర్చుంటుందట.

కూర్చునేది ఎవరో కూడా చెప్పేవాళ్లు. లొరెయిన్ కెసిడీ. ఒకప్పుడు ఆ అంతస్తుకి పెద్ద ఆవిడే. ఏళ్ల తరబడి ఒక మందు వెంట పడింది. అది చేతికందే వేళకి మార్కెట్ గాలి ఇంకో వైపు తిరిగింది. పెట్టుబడి పెట్టేవాళ్లు వేరే రకం మందుల వెనక పరిగెత్తారు. ఆమె పని మూసేశారు. ఆ చలికాలంలోనే ఆమె జబ్బు చేసి పోయింది. ఆమె చేత్తో పేర్లు రాసిన డబ్బాలు మాత్రం కోల్డ్ రూమ్ చివరి అరలో అలాగే ఉండిపోయాయి. తీసి పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

మొదట్లో దెయ్యం కాస్త మెత్తనిదే. తలనొప్పితో వదిలేసేది. ఏటికేడు బలం పుంజుకుంది. ఈ కథ జరిగిన ఏడు శరత్కాలంలో ఒక కుర్రాడు గడపలోనే స్పృహ తప్పి పడ్డాడు. మర్నాడు రాజీనామా చేసి వెళ్లిపోయాడు.

ఇల్డా మెడీరోస్ మాత్రం నవ్వేసేది.

ఇల్డా అంటే లొరెయిన్ కుర్చీలోకి తర్వాత వచ్చిన మనిషి. పోర్చుగీసు వాళ్ల పిల్ల, నోరు గట్టిది. ఆమె వెతికేది పిల్లలకొచ్చే ఎముక క్యాన్సర్‌కి మందు. వేల మందుల్ని చిన్న చిన్న గుంటల ప్లేట్లలో పోసి, క్యాన్సర్ కణాల మీద రోబోతో ప్రయోగించి చూస్తారు. ఆ వేలల్లో ఒక్కటి నిలబడింది. ఇంకొక్కసారి అదే ఫలితం వస్తే చాలు.

"చాలదు, ఇల్డా" అన్నాడు డైరెక్టరు. "ఆ జబ్బుకి మార్కెట్ లేదు."

"జబ్బు ఉంది కదండీ?"

"జబ్బు ఉంది. కొనేవాళ్లే కొద్దిమంది. ఇప్పుడందరూ పరీక్షలు బయటి సంస్థలకి పంపించేస్తున్నారు. మనమూ అంతే. సోమవారం కమిటీ. ఈ అంతస్తు ఉంచాలంటే ఆలోపు ఫలితం చూపించు. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు."

సోమవారానికి ఫలితం రావాలంటే గురువారం సాయంత్రం కణాల మీద మందు పడాలి. మర్నాటికి ఆ కణాలు ముదిరిపోతాయి. మళ్లీ పెంచే వ్యవధి లేదు.

ఆ గురువారమే మంచు తుఫాను.

మధ్యాహ్నం నుంచే జనం ఇళ్లకు జారుకున్నారు. దీపాల వేళకల్లా కిటికీల బయట తెల్లటి గోడ కట్టినట్టయింది. అంతస్తులో మిగిలింది ఇద్దరే — ఇల్డా, టియర్నీ. రోబోని చూసుకునేదీ, బయటికి పోయే పార్సిళ్లు కట్టేదీ టియర్నీయే. రోబోకి డోలరెస్ అని పేరు పెట్టి మేనత్తలా గౌరవించేవాడు.

"డోలరెస్‌కి మొదటి దొంతర ప్లేట్లు తినిపించాను" అన్నాడు కోటు తొడుక్కుంటూ. "రెండో దొంతర నువ్వు తెచ్చి పెట్టాలి. లేటయిందంటే గొడవ చేస్తుంది. నా ఫోనుకి మెసేజీలు పెట్టి చంపుతుంది."

"నువ్వెక్కడికి?"

"కిందకి. నా కారు మంచులో పూడిపోయింది. ఇప్పుడు తవ్వకపోతే వసంతంలో దొరుకుతుంది." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "కోల్డ్ రూమ్‌కేగా? గురువారం. లొరెయిన్‌కి నా నమస్కారాలు చెప్పు."

"పోవోయ్. నీ కారే ఒక దెయ్యం."

అతని నవ్వు మెట్ల మీద దిగిపోయింది. ఆ తర్వాత... డోలరెస్ చేయి కదిలే సన్నటి రొద తప్ప ఇంకేమీ లేదు.

ఇల్డా నడవా చివరికి వెళ్లింది. కోల్డ్ రూమ్ దీపానికి బయట గోడ మీద గుండ్రటి స్విచ్చి ఉంటుంది. తిప్పితే కాసేపు వెలిగి దానంతటదే ఆరిపోతుంది. తిప్పింది. తలుపు లాగి లోపలికి అడుగు పెట్టింది. వెనకాల తలుపు మెత్తగా మూసుకుంది.

గది నిండా థర్మోకోల్ పెట్టెలు.

మధ్యాహ్నం తను ప్లేట్లు పెట్టినప్పుడు ఇవి లేవు. తుఫానుకి కొరియర్ బండి రాలేదు కదా, టియర్నీ పార్సిళ్లన్నీ తెచ్చి ఇక్కడ పేర్చినట్టున్నాడు. ఆమె ప్లేట్ల దొంతర ఆ గుట్ట వెనక, చివరి అరలో ఉంది. లొరెయిన్ డబ్బాల పక్కన.

విసుక్కుంటూ ఒక్కో పెట్టె పక్కకి జరపసాగింది. నాలుగు జరిపేసరికే ఆయాసం వచ్చింది.

ముసలిదాన్నైపోతున్నాను, అనుకుంది.

ఇంకో పెట్టె. కణతలు టకటక కొట్టుకుంటున్నాయి. ఇంత చలిలో వీపు మీద చెమట! వెనక ఎవరో నిలబడినట్టనిపించి చటుక్కున తిరిగింది.

ఎవరూ లేరు.

ప్లేట్ల దొంతర చేతికందింది. గుండెలకి హత్తుకుంది. సరిగ్గా అప్పుడే — దీపం ఆరిపోయింది.

చీకటంటే అలాంటి ఇలాంటి చీకటి కాదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే.

"ఏం ఫరవాలేదు" అంది పైకే. తన గొంతు తనకే దూరంగా వినిపించింది.

తలుపు ఎటుందో తెలుసు. ఆ గదిలోకి ఎన్నేళ్లుగా వస్తోందని! ఒక చేత్తో ప్లేట్లు పట్టుకుని, ఇంకో చేత్తో పెట్టెలు తడుముకుంటూ నడిచింది. చల్లటి ఉక్కు రేకు తగిలింది. తోసింది.

కదల్లేదు.

భుజం ఆనించి తోసింది. కదల్లేదు. ఊపిరి అందడం లేదు — పీల్చిన కొద్దీ ఇంకా కావాలనిపిస్తోంది. అరిచింది. అరుపు రేకులకి కొట్టుకుని తిరిగి తన మీదే పడింది. ఫోనేమో బయట బల్ల మీద.

అవతల నుంచి ఎవరో పట్టుకుని ఉన్నారు... తలుపు తెరవనివ్వడం లేదు...

అప్పుడు వచ్చి కూర్చుంది. గుండెల మీద. అచ్చం అందరూ చెప్పినట్టే.

"లొరెయిన్..." అంది ఇల్డా, తనకి తెలియకుండానే. "నన్ను పోనివ్వు. దొంతర తినిపించాలి. కణాలు పాడైపోతాయి."

కాసేపు కూర్చుంటే బాగుండును. ఇక్కడే, నేల మీద, ఒక్క క్షణం. కూర్చుంటే ఆయాసం తగ్గుతుంది. నేల ఎంతో హాయిగా పిలుస్తోంది. వీపు రేకుకి ఆనించి నెమ్మదిగా కిందికి జారింది...

"కూర్చోకు."

చెవి పక్కనే. గుసగుసగా.

"లే. పైకి లే."

ఆ మాట వెనకే, పొడిగా, చిన్న దగ్గు.

ఇల్డా ఒళ్లు గగుర్పొడిచింది. ఎలా లేచిందో తెలియదు. పెట్టె మీద మోకాలు పెట్టింది. దాని మీద నుంచి ఇంకో పెట్టె మీదికి పాకింది. పై అర అంచు పట్టుకుని, తల గది కప్పుకి తగిలేలా నిలబడింది. అక్కడ గాలి... కొంచెం గాలి లాగే ఉంది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ప్లేట్లని ఎత్తి పట్టుకుంది. పిలవడానికి ఓపిక లేదు. నిలబడి ఉండటమే పని. పడతాను — ఇంక పడతాను —

గదికి అటు వైపు, ఆమె అనుకోని వైపు, వెలుగు చీలింది.

"ఇల్డా! ఆకలి ఆకలి అని డోలరెస్ నా ప్రాణం తీస్తోంది, నువ్వు ఇక్కడ ఏం — ఓరి దేవుడా!"

టియర్నీ ఆమెని నడుం పట్టి కిందికి దించి నడవాలోకి ఈడ్చుకొచ్చాడు. ఆమె నేల మీద వెల్లకిలా పడుకుని, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి గాలి మింగింది. ప్లేట్లు మాత్రం వదల్లేదు.

"తలుపు... పట్టుకున్నారు ఎవరో. తోస్తే రాలేదు."

టియర్నీ లోపలికి తొంగి చూశాడు. తిరిగి ఆమె వంక చూశాడు.

"నువ్వు తోసింది తలుపు కాదు, ఇల్డా. గోడ. తలుపు ఇటుంది."

అప్పుడు ఇద్దరూ చూశారు. తెరిచిన తలుపులోంచి, నేల వెంబడి, తెల్లటి పొగ నెమ్మదిగా నడవాలోకి పాకుతోంది. అది పెట్టెల మూతల కింద నుంచి వస్తోంది.

"డ్రై ఐస్" అంది ఇల్డా.

అతని ముఖం పాలిపోయింది.

బయటికి పంపే కణాలు చెడకుండా డ్రై ఐస్‌లో పెట్టి కడతారు. శుక్రవారం పంపితే దారిలో శని, ఆదివారాలు అడ్డం వస్తాయి. అందుకని డ్రై ఐస్ వచ్చేది గురువారమే, పార్సిళ్లు కట్టేదీ గురువారమే. మిగిలినది బయట ఉంచితే కరిగిపోతుందని, చల్లగా ఉంటే నిలుస్తుందని, కోల్డ్ రూమ్‌లో పెట్టేవాళ్లు. కానీ డ్రై ఐస్ నీళ్లు కాదు, గ్యాస్ అవుతుంది. మనం ఊపిరి వదిలినప్పుడు బయటికి పోయేదే. ఆ గదికేమో బయటి గాలి రాదు. ఉన్న గాలే చల్లబడి లోపలే తిరుగుతుంటుంది. బరువైన గ్యాస్ నేల మీద పేరుకుని మెల్లగా పైకి లేస్తుంది. తలనొప్పి, ఆయాసం, భయం, మతి తప్పడం... తర్వాత నిద్ర. భద్రత పాఠంలో ఈ సంగతి ఏటా చెబుతారు. అందరూ తల ఊపుతారు. గది తలుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం అది ఎవరికీ గుర్తుండదు.

"బయటికి పంపేవి ఏటికేడు పెరుగుతున్నాయి" అన్నాడు టియర్నీ నెమ్మదిగా. "మొదట్లో ఒక పెట్టె. ఈ ఏడు చూడు, గది నిండా. ఇవాళ బండి రాలేదని ఇంకో బస్తా ఎక్కువే పోశాను. సాయం చేస్తున్నాననుకున్నాను. ఇల్డా, ఆ దెయ్యానికి మేత వేసింది నేనే."

"మార్కెట్ వేసింది. నువ్వు మోసుకొచ్చావంతే" అంది ఇల్డా. గోడ పట్టుకుని లేచి నిలబడింది. "ఏడవడం తర్వాత. ముందు డోలరెస్‌కి పెట్టు."

"ఆసుపత్రికి పద ముందు!"

"ఈ తుఫానులోనా? నీ పూడిపోయిన కారులోనా?"

కణాలకి ఆ రాత్రే మందు పడింది.

సోమవారం ఫలితం వచ్చింది. మందు నిలబడింది. డైరెక్టరు ఆ అంకెల్ని చాలాసేపు చూసి, కమిటీ గదిలోకి తనే పట్టుకెళ్లాడు. బయటికొచ్చి ఒక్కటే మాట అన్నాడు — "ఇంకో ఏడాది." ఇల్డా నడవాలోనే కూలబడి ఏడ్చేసింది.

సాయంత్రం కోల్డ్ రూమ్ తలుపు మీద టియర్నీ పెద్ద కాగితం అంటిస్తున్నాడు. 'ఇక్కడ డ్రై ఐస్ పెట్టరాదు.' ఇల్డా టేపు ముక్కలు తుంచి అందిస్తోంది.

"నీకు ఆ రోజు సరిగ్గా చెప్పనేలేదు. థాంక్స్" అంది.

"తలుపు తీసినందుకా? డోలరెస్‌కి చెప్పుకో."

"కాదు. అంతకు ముందు. బయటి నుంచి అరిచావుగా, కూర్చోకు, లే అని. అదే లేకపోతే నేల మీదే నిద్రపోయేదాన్ని."

టియర్నీ తలుపుని వేలి కణుపులతో కొట్టాడు. మొద్దు చప్పుడొచ్చింది.

"ఇంత మందం ఇది. లోపల బ్యాండు మేళం వాయించినా బయటికి వినపడదు, బయటిది లోపలికీ వినపడదు. అయినా అప్పుడు నేను ఎక్కడున్నాను? కింద, పారతో."

"అయితే నా బుర్రే. గాలి లేక ఏదో వినిపించి ఉంటుంది."

"అంతే అయ్యుంటుంది" అన్నాడు. కాగితం మూల వేలితో నొక్కాడు. మళ్లీ నొక్కాడు. అతను లొరెయిన్ కింద పనిచేసినవాడు, ఆమె చివరి చలికాలం దాకా. ఇల్డా ఆమెని ఎన్నడూ చూడలేదు.

ఇల్డా వైపు తిరక్కుండానే అడిగాడు, చాలా మెల్లగా —

"మాట చివర... దగ్గిందా?"

ఇల్డా చేతిలోని టేపు కింద పడింది. ఆ దగ్గు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

అదీ కథ, పిల్లలూ. ఇది మీ దగ్గరే ఉంచుకోకండి. ల్యాబుల్లో పనికి చేరే స్నేహితులకి చెప్పండి, వాళ్లని ఇంకొకళ్లకి చెప్పమనండి. డ్రై ఐస్ సంగతి మాత్రం ముందు చెప్పండి. మూసిన గదిలో పెట్టొద్దని, ఆయాసం వస్తే కూర్చోకుండా బయటికి వచ్చేయమని. అది విన్నారని నమ్మకం కుదిరాక... దగ్గు సంగతి చెప్పండి.