టర్బో చల్లారేదాకా

"ముందు ఆ ఇంజను ఆపండి!"

గౌరీశ్వరి గేటు తోసుకుని బయటికొచ్చి అన్న ఆ మాటకి, కుళాయి దగ్గరున్న ఆడవాళ్లందరూ బిందెలు వదిలేసి ఇటు తిరిగారు.

గేటు ముందు ఒక పాత ఫియట్ కారు గుర్రుగుర్రుమంటోంది. బానెట్ సందుల్లోంచి వేడి సెగలుగా లేస్తోంది. స్టీరింగు వెనకాల కూర్చున్న కుర్రాడికి మోచేతుల దాకా గ్రీసు.

"ఆపకూడదండీ," అన్నాడతను.

"ఎందుకాపకూడదు?"

"ఆపితే పాడైపోతాదండీ."

"రోజూ నాను డ్యూటీ దిగి ఇంటికొచ్చే టైముకే పాడైపోతాదేటి? సరిగ్గా మా గేటు ముందే పాడైపోతాదేటి?"

కుళాయి దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ ఎదురు రేకుల షెడ్డు నాదేనండీ. ఈమధ్యే అద్దెకి దిగాను. లోపలెట్టి ఇంజను తిప్పితే పొగకి ఊపిరాడదు. అందుకే కాసేపు ఈదిలో..."

"మీ పేరేటి?"

"సన్యాసిరాజు. పోర్టు వర్క్‌షాపులో ఫిట్టర్ని."

"పేరు సన్యాసి. నిలబడేది మాత్రం ఆడపిల్లలున్న ఇంటి ముందు!"

ఈసారి కుళాయి దగ్గర నవ్వు గట్టిగానే వినపడింది.

గౌరీశ్వరి పోర్టు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. రోజంతా "లైన్లో ఉండండి" అని మెత్తగా చెప్పే గొంతు అది. ఇంటికొచ్చాక ఆ మెత్తదనం మిగలదని వీధిలో అందరికీ తెలుసు. సన్యాసిరాజుకి మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది.

లోపల్నుంచి ఆమె మామ్మ నారాయణమ్మ మోకాళ్లు పట్టుకుంటూ అరుగు మీదికి వచ్చింది.

"ఏటే గుంటా ఆ కేకలు? ఏట్రా బాబూ, నీ బండికి జొరమొచ్చిందా?"

"ఇంచుమించు అంతేనమ్మా," అన్నాడు సన్యాసిరాజు, ఆదుకునే మనిషి దొరికిందని సంబరపడుతూ. "దీనికి టర్బో ఉంది. పోర్టు తుక్కు ఏలంలో దొరికింది. ఇంజను ఒదిలే పొగ ఒక సక్రాన్ని తిప్పుతాది. ఆ సక్రం బయటి గాలిని నొక్కి మళ్లీ ఇంజన్లోకి పంపుతాది. గాలెంత ఎక్కువైతే బండికి అంత బలం. దాన్నే బూస్టు అంటాం."

"అంటే పొయ్యిలోంచి వచ్చే పొగతోనే పొయ్యి ఊదుతన్నావన్నమాట."

సన్యాసిరాజు ఆవిడ వైపు అబ్బురంగా చూశాడు. "సరిగ్గా అదేనమ్మా! ఎక్కువ ఊదితే మంటెక్కువ. బలంతో పాటు ఏడీ పెరిగిపోతాది. పరీక్షకని సింహాచలం కొండెక్కి దిగొచ్చేసరికి ఆ సక్రం ఎర్రగా కాలుంటాది. టక్కున ఆపేస్తే దానికి నూనె అందదు, లోపలున్న నూనె మాడి గట్టిపడి సక్రం పట్టేస్తాది. అందుకే చల్లారేదాకా ఊరికే తిరగనివ్వాల."

"ఇందులో తప్పేటుందే?" అంది నారాయణమ్మ మనవరాలితో. "పరిగెత్తుకొచ్చిన మనిషిని కాసేపు ఊపిరి తీసుకోనివ్వమా?"

గౌరీశ్వరి విసురుగా గేటు వేసింది. లోపలికి వెళ్లి, కిటికీ తలుపు గట్టిగానే వేసింది. తర్వాత కొంచెం తెరిచింది. చల్లారడం అంటే ఎంతసేపో చూద్దామని.

ఆ రోజు నుంచి కారు ఆగినప్పుడల్లా ఆమె గేటు దగ్గర ఒక పని పెట్టుకునేది. మొక్కలకి నీళ్లు పోయడం, చెప్పు తెగిందో లేదో చూసుకోవడం.

"ఏం, చల్లారిందా?"

"ఇంకా లేదండీ."

"మీ సిరాజ్ గారేమంటున్నారు?"

సిరాజ్ సన్యాసిరాజు స్నేహితుడు. పాత ఊళ్లో రేడియేటర్లకి టంకాలు వేసే కొట్టు వాళ్లది. స్టీల్ ప్లాంటు పనుల్లో అరిగి తుక్కుకి పోయిన లారీ నుంచి ఒక కూలర్ ఊడదీసి, టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరచడానికి ఫియట్ ముందు జాలీ వెనకాల బిగించాడు.

"కూలర్ బాగా పనిచేస్తంది. బూస్టు తగ్గించుకోమంటన్నాడు. తగ్గిస్తే కొండ మీద బస్సు కూడా మమ్మల్ని దాటేస్తాది. పెంచితే దార్లోనే మరిగిపోయి బానెట్ ఎత్తుకుని నిలబడాల. రెండిటికీ మధ్యన ఎక్కడో ఉంది, అదే దొరకట్లేదు."

"మీకు దారి మధ్యలో నిలబడ్డం అలవాటేగా."

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. వేడి బానెట్ మీద చినుకులు చుయ్‌మని ఎగిరిపోతుంటే కారు చుట్టూ తెల్లటి ఆవిరి కమ్ముకుంది. గౌరీశ్వరి గొడుగు వేసుకుని వచ్చి చూసింది. ఆవిరి తగ్గింది, చుయ్‌మనడం ఆగింది. ఇంజను మాత్రం ఆగలేదు. ఆమె చెయ్యి చాచి బానెట్ మీద వేసింది. కుండలా చల్లగా ఉంది.

"చల్లారిపోయింది కదా."

"పైకి అలగే ఉంటాదండీ. లోపల ఏడిగానే ఉంది."

"ఎక్కడ లోపల?"

సన్యాసిరాజు స్టీరింగు వైపు చూశాడు, వాన వైపు చూశాడు, ఎంత ప్రయత్నించినా ఆమె వైపు చూడలేకపోయాడు. గౌరీశ్వరి గొడుగు వంచి మొహం దాచుకుంది. దాచుకున్నది నవ్వేనని గొడుగు ఊగడం చూస్తే తెలిసింది.

వీధి వీధంతా చూసింది. చివరికి ఆమె తండ్రి గురునాథరావు చెవిన పడింది.

గురునాథరావు పోర్టులో రైలింజను నడుపుతాడు. ఇంజను అన్నాక దారిలో మొరాయించకూడదన్నది ఆయన నమ్మకం, మనిషైనా అంతే. ఆదివారం పొద్దున్నే సన్యాసిరాజుని పిలిపించి అరుగు మీద కూర్చోబెట్టాడు.

"మా అమ్మాయిని సేసుకుందామనుకుంటన్నావా?"

సన్యాసిరాజు లేచి నిలబడ్డాడు. "అవున్సార్."

తలుపు వెనకాల గాజులు గలగలమని ఒక్కసారిగా ఆగిపోయాయి.

"అనకాపల్లి నుంచి బ్యాంకు గుమాస్తా సంబంధం వచ్చింది. రమ్మని కబురు పెట్టడమే ఆలస్యం. నువ్వేమో గోపాలపట్నం దగ్గిరొకసారి, కొండ మలుపులో ఒకసారి బానెట్ ఎత్తి నిలబడ్డావు. నా కళ్లతో సూశాను. బండిని దారిలో ఆగకుండా సూసుకోలేనోడికి పిల్లనెలగ ఇచ్చేది?"

"సరి సేసేశాను సార్."

"సేసేస్తే సూపించు. మా అమ్మ సింహాచలం ఎల్లాలని పోరుతంది. మోకాళ్లు బస్సెక్కనివ్వవు. వచ్చే శనివారం మా ముగ్గుర్నీ నీ బండిలో కొండ మీదికి తీసుకెల్లు. దారిలో ఒక్కసారి బానెట్ ఎత్తావో, సోమవారం అనకాపల్లి వాళ్లు మా ఇంట్లో ఉంటారు."

ఆ వారమంతా సిరాజ్, సన్యాసిరాజు షెడ్డులోనే గడిపారు. బూస్టుని సీటులో కూర్చునే తగ్గించుకోడానికి, పెంచుకోడానికి డ్యాష్‌బోర్డు కింద ఒక చిన్న మర పెట్టారు. ఇసక బస్తాలు వేసుకుని కొండెక్కి వచ్చారు. వేడి చూపించే గేజులో సూది ఎర్ర గీత దాకా వెళ్లనే లేదు.

"బావా, ఇంక నీ పెళ్లికి బిర్యానీ నాదే," అన్నాడు సిరాజ్.

శనివారం ఎక్కేటప్పుడు గురునాథరావు ముందు సీటు తలుపు తీయబోయాడు.

"మలుపుల్లో ఈ గుంట నన్ను పట్టుకోలేదురా గురునాథం, నాకు భయం," అంది నారాయణమ్మ. "నువ్వు నా పక్కనుండు."

"మలుపుల్లో నాను గేజులు సూడలేను సార్. ఎవరో ఒకరు చదివి సెప్పాల," అన్నాడు సన్యాసిరాజు చిన్నగా.

"బోర్డు చూసి చెప్పడం నాకు అలవాటే," అంటూ గౌరీశ్వరి ముందు సీట్లో కూర్చుంది.

గోపాలపట్నం దాటేదాకా ఆమె ఎక్స్ఛేంజిలో మాట్లాడినట్టే చెప్పింది. "బూస్టు ఐదు. వేడి మామూలు. లైన్లో ఉండండి." సన్యాసిరాజు పెదాలు బిగించి నవ్వు ఆపుకున్నాడు.

ఘాట్ రోడ్డు మొదలయ్యాక ఆమె గొంతు మారింది.

"వేడి పెరుగుతోంది."

అతను మర తిప్పి బూస్టు తగ్గించాడు. కారు నెమ్మదించింది.

"ఇంకా పెరుగుతోంది."

ఇంకాస్త తగ్గించాడు. ఇప్పుడది ఉత్త పాత ఫియట్. వెనకాల బస్సు హారన్ కొట్టి దాటిపోయింది. ఊదడం మానేసినా పొయ్యి మండుతూనే ఉంది. ఇసక బస్తాలతో ఎక్కినప్పుడు లేని వేడి ఇవాళెక్కడిది? అతని నుదుటి మీద చెమట పట్టింది.

"ఎర్ర గీతకి వేలెడు దూరం," అంది గౌరీశ్వరి. అనకాపల్లి వాళ్లు అప్పుడే అరుగు మీద కాఫీలు తాగుతున్నట్టు అనిపించింది ఆమెకి.

వెనక సీట్లోంచి గురునాథరావు మెడ చాచి గేజు వైపు చూశాడు. అదే ఎక్కువ భయంగా ఉంది.

అద్దంలోంచి ఎదురుగా చూస్తుంటే ఆమెకి బానెట్ చివర పసుపురంగు ఎగురుతూ కనపడింది. పొద్దున్న మామ్మ పూజ చేసి కట్టిన దండ. కొండకి వెళ్లే బండి ఉత్తగా వెళ్తుందా అని జానెడు మందాన బంతిపూలు గుచ్చి, దాని వెనకాల పసుపు గుడ్డ కూడా పరిచి, ముందు జాలీకి ఈ చివర నుంచి ఆ చివరకి బిగించింది. కొండకి వెళ్లే ప్రతి బండికీ అంతే కడతారు కాబట్టి ఎవరూ దాన్ని రెండోసారి చూడలేదు. సన్యాసిరాజైతే దణ్ణం కూడా పెట్టుకున్నాడు.

"మీ కూలర్ ఎక్కడుంది?"

"ముందు జాలీ ఎనకాల, రేడియేటర్ ముందే..." అతని మాట సగంలో ఆగిపోయింది. మలుపు పక్కన కారు ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు.

"అయిపోయిందా?" అన్నాడు గురునాథరావు.

"లేద్సార్. బానెట్ ముట్టుకోను."

గౌరీశ్వరి అప్పటికే దిగి ముడి విప్పుతోంది. నారాయణమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఓలమ్మో! స్వామికి సూపించకుండా దండ తీసేత్తావేటే!"

"మామ్మా, పొయ్యి మూతికి అడ్డంగా గుడ్డ కట్టి ఎవరైనా వంట చేస్తారేటి? దానికి గాలాడట్లేదు!"

నారాయణమ్మ రెండు చేతులూ చాచింది. "అయితే నా ఒళ్లో ఎట్టు. స్వామికి నానే సూపిత్తాను. పాపం పిచ్చి బండి, దాని ముక్కు నానే మూసీసినాను."

"బండి ఆగింది కదమ్మా," అన్నాడు గురునాథరావు.

"బండి ఆగింది గాని ఇంజను ఆగిందేట్రా? నీ రైలు టేసన్లో ఆగితే పాడైపోయినట్టా?"

రైలింజను డ్రైవరు కిటికీ వైపు తిరిగాడు. ఆయన మీసాల కింద నవ్వు కదలడం అద్దంలో సన్యాసిరాజుకి కనిపించింది.

కారు కదిలింది. జాలీలోంచి కొండగాలి లోపలికి దూసుకుపోయింది.

"తగ్గుతోంది," అంది గౌరీశ్వరి. "ఇంకా తగ్గుతోంది. మామూలుకొచ్చింది! పెంచండి!"

అతను మర తిప్పాడు. టర్బో సన్నగా ఈల వేసింది. తర్వాతి మలుపు దాటగానే, ఇందాక దాటిపోయిన బస్సుని ఫియట్ దాటేసింది. ఒళ్లో బంతిపూల కుప్పతో నారాయణమ్మ బస్సులో వాళ్లకి చెయ్యి ఊపింది.

కొండ మీద కారు ఆగాక గురునాథరావు తల్లిని దింపుకుని, డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"దిగు. దర్శనానికి లేటవుతాది."

"టర్బో చల్లారాల సార్. కాసేపు..."

"సార్ ఏట్రా సార్? మావయ్యా అను." ఆయన కూతురి వైపు చూడకుండానే చెప్పాడు. "నువ్వు కూడా ఉండమ్మా. గేజులు సదివి సెప్పేవాళ్లు ఉండాలంట కదా."

ఇద్దరూ మిగిలారు. ఇంజను నెమ్మదిగా గురగురలాడుతోంది. వారం రోజులుగా బిగబట్టిన ఊపిరి సన్యాసిరాజు ఇప్పుడు వదిలాడు.

"ఒక మాట సెప్పాలండీ. మీ గేటు ముందు... రోజూ అంతసేపు అక్కర్లేదు. అది ఎప్పుడో చల్లారిపోయేది."

"తెలుసు. వాన రోజే తెలిసింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఆపేస్తారేమోనని."

ఇద్దరూ ముందు అద్దంలోంచే చూస్తున్నారు. సీటు మీద రాలిన ఒక బంతిపువ్వుని తీసి ఆమె అతని గ్రీసు చేతిలో పెట్టింది. చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేదు.

మెట్ల మీంచి నారాయణమ్మ కేక వినపడింది. "ఒలే గుంటా! ఇంకా చల్లారలేదేటి?"

గౌరీశ్వరి గేజు వైపు చూసింది. సూది ఎప్పుడో కిందికి వచ్చి హాయిగా పడుకుంది.

"ఇంకా లేదు మామ్మా!" అని కేకేసి చెప్పింది.

తర్వాత చెయ్యి చాచి, తాళం తిప్పి, ఇంజను తనే ఆపేసింది.