ఏడో అడుగు

"నీలం తువాళ్ళు ఉన్నాయా?"

"నీలం నిన్ననే అయిపోయాయి. బూడిదరంగు తీసుకోండి."

హిసానో చిల్లర తీసింది. బూడిదరంగు అంటే హంతకుడు హాల్లోకి వచ్చేశాడని కోడ్.

క్యోటో, 1963 మే. ఉదయం పదిన్నర. యుద్ధవిద్యల ప్రదర్శనశాల గుమ్మం పక్కన చేతి తువాళ్ళు అమ్ముతున్న ముసలాయన అసలు ముసలాయనే కాదు. ఆ తెల్ల గడ్డం జిగురుతో అంటించింది. పేరు కుగా. గూఢచారి శాఖలో హిసానో పైఅధికారి.

"టార్గెట్ నెమోతో అనే ఇంజినీర్," తువాలు మడతపెడుతూ గొణిగాడు. "కొత్త రాడార్ డిజైన్ మొత్తం ఆయన బుర్రలోనే ఉంది. ఇంకా కాగితం మీదికి రాలేదు. ముందు వరసలో కూర్చున్నాడు."

"ప్రదర్శన ఆపించండి సార్."

"ఆపితే విదేశీ ముఠా నాయకుడు జారుకుంటాడు. లోపలే ఉన్నాడు. వాడి మొహం మనకి తెలీదు."

"ఆయుధం?"

"కత్తి అని చిగుసా కబురు పంపింది. అందుకే అసలు కత్తులన్నిటికీ తాళం వేయించా. మీ ఇద్దరివీ చెక్కవే. ఆడుతూనే జనాన్ని కనిపెట్టు. వెళ్ళు."

చిగుసాని మూడేళ్ళ క్రితం శాఖే ముఠాలోకి పంపింది. ఊళ్ళో ఏ పెద్ద దుకాణం గోడ చూసినా ఆమె బొమ్మే. సెంటు సీసా పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. హిసానో, ఆమె ఒకే గురువు దగ్గర పన్నెండేళ్ళు నగినాత అనే పొడుగు కర్రకత్తి విద్య నేర్చుకున్నారు. ఇవాళ జంట విన్యాసం వాళ్ళిద్దరిదే.

హిసానోకి నిలకడ లేదు. నడుం ముడి విప్పింది, కట్టింది, మళ్ళీ విప్పింది.

"ఏంటే, తొలిసారి ఎక్కుతున్నట్టు ఆ వణుకు?" చిగుసా నవ్వింది.

"ఏం లేదక్కా. ఉక్కపోత."

పేర్లు పిలిచారు. ఇద్దరూ నేలకి వంగి లేచారు. మనిషిని మించిన పొడుగు కర్ర, దాని చివర వంపు తిరిగిన చెక్క కత్తి. విన్యాసంలో ఏడు అడుగులు. దెబ్బ ప్రతిదీ ఒంటికి అంగుళం దూరంలో ఆగిపోవాలి.

మొదటి అడుగు. హిసానో చిగుసా నెత్తిమీదికి దెబ్బ విసిరింది. చిగుసా కర్రతో పక్కకి తోసేసింది. రెండు. మూడు. హిసానో కళ్ళు జనం మీద పరుగెడుతున్నాయి. టోపీలు, విసనకర్రలు, కెమెరాలు. ఎవరి చేతిలోనూ కత్తి లేదు.

నాలుగో అడుగులో చూసింది.

నగినాత పట్టిన చేయి ఒకచోట ఆగదు. కర్ర పొడవునా జారుతూ పోవాలి, చివరిదాకా. చిగుసా చేయి మాత్రం కర్ర కింది కొస రాకముందే జానెడు దూరంలో ఆగిపోతోంది. పన్నెండేళ్ళలో ఎన్నడూ చెయ్యని తప్పు. కొసన ఇత్తడి తొడుగు కొత్తగా మెరుస్తోంది.

అందరూ కత్తులు వెతికారు. కర్ర కింది కొస ఎవరూ చూడలేదు.

ఏడో అడుగులో చిగుసా వేదిక అంచుదాకా వెనక్కి వెళ్ళి, కర్రని చంక కిందుగా లాగాలి. అప్పుడు ఆ కొస బారెడు వెనక్కి దూసుకుపోతుంది. సరిగ్గా అక్కడే నెమోతో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

అయిదో అడుగు. కర్రలు పెనవేసుకున్నాయి. మొహాలు దగ్గరయ్యాయి.

"అందులో ఏం పెట్టావక్కా?"

"దోమ కుట్టినట్టుంటుందంతే. ఆయనకి తెలియను కూడా తెలీదు."

"నువ్వు మనదానివి కదా!"

"నిరుటిదాకా." చిగుసా పెదాలు కదలకుండానే అంది. "నీ అడుగులు నువ్వు చూసుకో చెల్లీ."

విడిపోయారు. ఆరో అడుగు, హిసానోది. కాలి ముందెముక మీదికి వాలుగా దెబ్బ. అంగుళం దూరంలో ఆపాలి.

ఆపలేదు.

ఎముక పటుక్కుమంది. చిగుసా ఒక మోకాలి మీద కూలిపోయింది. అయినా వదల్లేదు. పడుతూనే కర్రని చంక కిందుగా వెనక్కి దూసింది. హిసానో ఒక్క అంగలో ముందుకి దూకి, తన చెక్క కత్తి వంపుని ఆ కర్ర మీద తగిలించి, ఒళ్ళంతా బరువు చేసి నేలకి నొక్కింది. తొడుగు పగిలింది. లోపలి విషపు సూది నెమోతో మోకాలికి బెత్తెడు దూరంలో నేల పలకలో దిగబడింది.

హాలంతా చప్పట్లు. మూడో వరసలో ఒక్కడే చప్పట్లు కొట్టకుండా లేచి, గబగబా గుమ్మం వైపు నడిచాడు.

"బాబూ, తువాలు తీసుకోండి," అన్నాడు కుగా ఎదురొచ్చి. తువాలు కింద వాడి మణికట్టుకి బేడీ పడింది.

వేదిక మీద చిగుసా చెమట్లు కక్కుతోంది. "ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తగలనివ్వలేదే నువ్వు."

"నిన్ను కొట్టాల్సొస్తుందని ఎవరనుకున్నారక్కా?" అంది హిసానో. కర్ర ఇంకా నొక్కే పట్టుకుంది.

నెమోతో కళ్ళజోడు సవరించుకుని ముందుకి వంగాడు. పాపం, ఆయన మొహంలో నిరాశ.

"అమ్మాయ్, ఏడో అడుగు చూడ్డానికే టోక్యో నుంచి వచ్చాను. అది కాస్తా ఎగ్గొట్టేశారే!"