ఇరవై ఏడో సెట్టు

"టెలివిజన్ పిక్చర్ ట్యూబ్ డిజైన్ ఓ విదేశీ కంపెనీ కోసం మైక్రోఫిల్మ్‌కెక్కింది. ఈరోజు పన్నెండింటి లారీలో, ఏదో రేడియోలో దాగి ఫ్యాక్టరీ గేటు దాటుతుంది. ఆపు," అన్నాడు చీఫ్.

"లోపల మనవాళ్లు?"

"ఎండీగారి సెక్రటరీ. నమ్మొచ్చు."

ఏజెంట్‌కు ఆ ఫ్యాక్టరీ కొత్త కాదు. దేశంలో తొలి రేడియో అక్కడే తయారైంది. ట్యూనింగ్ మేస్త్రీగా అక్కడే పనిచేసే మేనమామ జీతంతోనే అతను చదువుకున్నాడు. విదేశీ సెట్లు వచ్చిపడ్డాక సగం బల్లలు ఖాళీ అయ్యాయి. టెలివిజన్ డిజైన్ కూడా పోతే మిగిలిన రెండొందల మంది నోట్లో మట్టే.

హమాలీ వేషంలో లోపలికెళ్లాడు. సెక్రటరీ ఎదురొచ్చింది. చూస్తే కళ్లు తిప్పుకోలేని మనిషి.

"వాన వచ్చేట్టుంది," అన్నాడు, కోడ్ ప్రకారం.

"గొడుగు తెచ్చాను," అంది నవ్వుతూ. "ఫిల్మ్ మూడో సెట్టులో ఉంది."

మూడో సెట్టు విప్పాడు. ఏమీ లేదు. గడియారం పదకొండూ యాభై. లారీ మీద నలభై సెట్లు. ఏం చెయ్యాలో తోచక మామ దగ్గరికి పరుగెత్తాడు.

"ఒక సెట్టును ఎవరో విప్పి బిగించారు మామయ్యా. ఏదో ఎలా తెలుస్తుంది?"

"నా సీలు చూడరా. వెనక స్క్రూ మీద ఎర్ర లక్క చుక్క. ముప్పై ఏళ్లుగా నా చెయ్యే."

విప్పిన సెట్టుకు మళ్లీ సీలు వెయ్యడానికి కాగే లక్క గిన్నె పట్టుకున్నాడు మామ. ఇద్దరూ లారీ ఎక్కారు. ఇరవై ఏడో సెట్టు దగ్గర మామ ముక్కు చిట్లించాడు. "ఇది లక్క కాదు. గోళ్ల రంగు!"

"చేతులెత్తండి," అంది సెక్రటరీ, కింద నుంచి పిస్టల్ గురిపెట్టి. దొంగ చేతికే తాళాలిచ్చాడు చీఫ్!

డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. లారీ కుదుపుకు ఆమె చూపు చెదిరింది. పక్కనున్న లక్క గిన్నెను మామ ఆమె మణికట్టు మీద బోర్లించాడు. పిస్టల్ జారిపడింది. గేటు మూయించి, ఫిల్మ్ చేజిక్కించుకుని ఏజెంట్ ఫోన్ అందుకున్నాడు.

"దొరికింది, సార్."

"తిరిగిచ్చెయ్. ఫ్యాక్టరీని పదకొండింటికే ఆ విదేశీ కంపెనీకి అమ్మేశారు. డిజైన్ వాళ్లదే. ఆమెనూ వదిలెయ్. కొత్త మేనేజర్ ఆమేనట."

ఏజెంట్‌కు ఏడుపొచ్చింది. ఫోన్ పెట్టేసి బయటికొచ్చాడు.

"గెలిచామట్రా?" మామ ఆత్రంగా అడిగాడు.

ఏజెంట్ విషయమంతా చెప్పాడు. మామ చేతులు తుడుచుకున్నాడు.

"మరి రేపు పనిలోకి రావాలా, వద్దా?"

మెట్ల మీద కూర్చుని కాలిన చేతిని ఊదుకుంటున్న మనిషి వైపు చూశాడు ఏజెంట్.

"ఆవిడనే అడగాలి, మామయ్యా."